మంచం మీది వ్యాపారి: కీన్స్ కలిమిలేములు

లండన్ మహానగరంలోని గోర్డన్ స్క్వేర్‌లో 46వ నెంబరు ఇంటి పడకగదిలో, 1920లనాటి ఉదయాలలో ఒక వింత వ్యాపారం సాగుతుండేది. పొడవాటి మనిషి ఒకరు మంచం దిగకుండానే, దిండ్లకు చేరగిలబడి, దుప్పటి మీద వార్తాపత్రికలనూ దళారులు పంపిన కాగితాలనూ పరచుకొని చదివేవారు. చేతికందే దూరంలో టెలిఫోను ఉండేది. అర్ధగంటసేపు ఆ కాగితాలు తిరగేసి, ఫోనెత్తి తన బ్రోకర్లతో మాట్లాడేవారు. పత్తి కొనమనీ, తగరం అమ్మమనీ, ఫలానా దేశపు నాణెం మీద పందెం పెంచమనీ చెప్పి, ఆ తరువాత లేచి పుస్తకాలు వ్రాసుకొనేవారు. ఆ మనిషి పేరు జాన్ మేనార్డ్ కీన్స్. డిగ్రీలో అర్థశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థీ పరీక్ష కోసం ఆ పేరును కంఠస్థం చేసినవాడే. కాని ఆ మహా పండితుడు ఇంటి నుంచే బజారు ఆడి రెండుమూడుసార్లు దాదాపు దివాలా అంచు వరకు వెళ్ళి తిరిగి వచ్చాడన్న సంగతి పాఠ్యపుస్తకాలలో కనిపించదు.

నేడు సరిహద్దు గ్రామాలలో సైతం చేతిఫోనులో షేర్లు, ఆప్షన్లు కొనడం అమ్మడం ఒక దినచర్య అయిపోయింది. బళ్ళారి పక్క పల్లెలోని కుర్రవాడు, హోసూరు పొలిమేరలోని చిన్న దుకాణదారు కూడా ఉదయం తొమ్మిదింబావు ఎప్పుడవుతుందా అని ఎదురుచూస్తున్నారు. ఇటువంటి కాలంలో కీన్స్ జీవితంలోని ఈ పార్శ్వం ప్రతి ఇంటా తెలుసుకొనదగినది.

కీన్స్ 1883 జూన్ 5న కేంబ్రిడ్జిలో హార్వే రోడ్డులోని ఇంట జన్మించారు. తండ్రి జాన్ నెవిల్ కీన్స్ విశ్వవిద్యాలయంలో తర్కశాస్త్ర, అర్థశాస్త్ర పండితుడు. తల్లి ఫ్లోరెన్స్ సంఘసేవకురాలు, తరువాతి కాలంలో ఆ నగరానికి మేయరు పదవిని నిర్వహించిన విదుషీమణి. పెద్దకొడుకైన మేనార్డ్ ఈటన్ పాఠశాలలోనూ, కేంబ్రిడ్జి కింగ్స్ కళాశాలలోనూ చదివి, 1905లో గణితపరీక్షలో పన్నెండవ స్థానం పొందారు. మరుసటి సంవత్సరం సివిల్ సర్వీసు పరీక్షలో రెండవవాడుగా నిలిచి, లండన్‌లోని ఇండియా ఆఫీసులో గుమాస్తాగా చేరారు. ఆయనకు అప్పగించిన తొలి పనులలో ఒకటి పది ఆయర్‌షైర్ ఆబోతులను ఓడలో బొంబాయికి పంపే ఏర్పాటు. కార్యాలయంలో పని తక్కువగా ఉండటంతో మిగిలిన సమయంలో సంభావ్యత గురించి, అంటే ఏ సంఘటన జరగడానికి ఎంత అవకాశం ఉన్నదో లెక్కగట్టే శాస్త్రం గురించి, సిద్ధాంతవ్యాసం వ్రాసుకొనేవారు. 1908లో ఆ ఉద్యోగం వదలి కేంబ్రిడ్జికి తిరిగి వెళ్ళారు.

భారతదేశపు గడ్డ మీద ఆయన ఎన్నడూ కాలు పెట్టలేదు. అయినా 1913లో భారత ద్రవ్యవ్యవస్థ మీద ఆయన వ్రాసిన గ్రంథమే ఆయన తొలి పుస్తకం. అదే ఏట భారత ద్రవ్య విషయాలను పరిశీలించిన రాయల్ కమిషన్‌లో సభ్యులయ్యారు. రూపాయి విలువ పదహారు పెన్నీల వద్ద, అనగా ఒక షిల్లింగు నాలుగు పెన్నీల వద్ద ఎట్లా నిలుస్తున్నదో, లండన్ లోనూ కలకత్తాలోనూ హుండీలు అమ్మి ప్రభుత్వం దానిని ఎట్లా నిలబెడుతున్నదో ఆయనకు వేళ్ళ మీది లెక్క. తరువాత ఈ రూపాయి జ్ఞానమే ఆయన పందేలలో ఒకటి కావడం గమనించదగినది.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కీన్స్ బ్రిటిష్ ఖజానా శాఖలో ముఖ్యుడై, 1919లో పారిస్ శాంతి మహాసభకు వెళ్ళారు. ఓడిన జర్మనీ మీద మోయలేని నష్టపరిహారం రుద్దుతున్నారని మనసు విరిగి, జూన్ నెలలో రాజీనామా ఇచ్చి, ససెక్స్ జిల్లాలో మిత్రుల ఇంట కూర్చుండి ఆ ఒప్పందాన్ని తీవ్రంగా విమర్శిస్తూ ఒక గ్రంథం వ్రాశారు. డిసెంబరులో వెలువడిన ఆ పుస్తకం లక్షకు పైగా ప్రతులు అమ్ముడై ఆయనకు లోకప్రసిద్ధిని తెచ్చిపెట్టింది. ఉద్యోగం మాత్రం లేదు. కళాశాల జీతం స్వల్పం. రుచులు గొప్పవి, మిత్రులలో చిత్రకారులూ రచయితలూ ఎక్కువ, వారిలో కొందరిని పోషించవలసిన బాధ్యత కూడా ఆయన తన మీద వేసుకొన్నారు. జీతం కోసం ఎవరికీ తలవంచకుండా ఉండాలంటే సొంత సంపాదన కావాలి. అందుకు ఆయన ఎంచుకొన్న మార్గం సట్టా వ్యాపారం.

1919 ఆగస్టులో మొదలుపెట్టారు. యుద్ధానంతరం నాణెములకు బంగారంతో ముడి తెగిపోయి, ఏ దేశపు నాణెం ఏ రోజు ఎంత పలుకుతుందో తెలియని పరిస్థితి. ఐరోపాలోని ప్రభుత్వాలు నోట్లు ముద్రించి కాలం గడుపుతున్నాయి గనుక ఫ్రాంకు, మార్కు, లీరా పడిపోక తప్పదని కీన్స్ నిశ్చయించుకొన్నారు. వాటిని ముందుగా అమ్మి, అమెరికా డాలర్లనూ, నార్వే డెన్మార్కుల క్రోనులనూ, మన రూపాయలనూ కొన్నారు. తన వద్ద లేని దానిని ముందుగా అమ్మడమేమిటని సందేహం కలగవచ్చు. పొరుగింటి నుంచి పది బస్తాల వేరుశనగ బదులు తెచ్చి, ధర బాగున్నప్పుడే అమ్మేసి, కోతల కాలంలో ధర పడినప్పుడు కొని బదులు తీర్చినట్లే ఇదీ. మధ్యలో మిగిలినది లాభం. ధర పడక పెరిగితే మాత్రం ఇంట్లో వస్తువులు అమ్మి బదులు తీర్చాలి. పైగా మొత్తం విలువ చెల్లించనక్కరలేదు. పదింట ఒక వంతు బయానాగా బ్రోకరు వద్ద ఉంచితే చాలు. ఈ బయానా పద్ధతియే కొద్ది సొమ్ముతో పెద్ద లాభాన్ని చూపించేదీ, కొద్దిపాటి చలనంతో మొత్తాన్ని మింగేదీ.

మొదటి నెలలు అంతా అనుకొన్నట్లే జరిగింది. 1920 ఆరంభానికి చేతికి వచ్చిన లాభమే ఆరు వేల పౌండ్లు దాటింది. ఉత్సాహంతో ఆయన ఆస్వాల్డ్ ఫాక్ అనే మిత్రునితో కలిసి సుమారు ముప్పై వేల పౌండ్ల మూలధనంతో ఒక కూటమి స్థాపించారు. తమ్ముడు జెఫ్రీ, చిత్రకారులు డంకన్ గ్రాంట్, వెనెస్సా బెల్ వంటి ఆప్తులు తమ సొమ్ము తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. వారికి బజారు సంగతి తెలియదు. వారికి తెలిసినదల్లా మేనార్డ్ అందరికంటె తెలివైనవాడన్నదే. ఎవరింటనైనా ఒక కుర్రవాడు నాలుగు రోజులు వరుసగా లాభం చూపిస్తే మేనమామలూ బావమరదులూ తమ పొదుపు తెచ్చి అప్పగించే రోజు ఇటువంటిదే. ప్రమాదం ఎప్పుడూ ఆ రోజునే మొదలవుతుంది.

ఏప్రిల్ చివరి వరకు లాభాలు పెరిగాయి. మే నెలలో గాలి తిరిగింది. జర్మనీ కోలుకొంటుందన్న నమ్మకం ఎక్కడినుంచో బజారులో పుట్టి, మార్కు, ఫ్రాంకు, లీరా మూడూ పెరగసాగాయి. కీన్స్ విశ్లేషణలో తప్పేమీ లేదు. రెండు మూడేళ్ళలో మార్కు చిత్తుకాగితమే అయిపోయింది, ఫ్రాంకు కూడా దారుణంగా పడింది. కాని ఆ రెండు మూడేళ్ళు ఎదురుచూసే శక్తి బయానా మీద నిలిచిన వ్యాపారికి లేదు. నాలుగు వారాలపాటు బజారు తప్పుదారిన నడిస్తే చాలు, సరైనవాడు కూడా నశిస్తాడు. మే నెలాఖరుకు కూటమి మూతపడింది. కీన్స్ సొంత ఖాతాలో సుమారు 13 వేల పౌండ్లు పోయాయి. మిత్రుల సొమ్ములో పోయిన సుమారు 8 వేల పౌండ్లను తీర్చవలసిన బాకీగా తానే లెక్క వ్రాసుకొన్నారు. చట్టప్రకారం తీర్చనక్కరలేని బాకీ అది.

ఆయనను ఆదుకొన్నవి రెండు. తన పుస్తకం మీద రావలసిన రాయల్టీ నుంచి ప్రచురణకర్త మాక్‌మిలన్ సంస్థ ముందుగా 1,500 పౌండ్లు ఇచ్చింది. సర్ ఎర్నెస్ట్ కాసెల్ అనే వృద్ధ ధనికుడు 5 వేల పౌండ్లు అప్పిచ్చాడు. అంత పెద్దవారి పరిచయం, అంత అమ్ముడుపోయే పుస్తకం ఉన్నవారు లోకంలో ఎందరు? కీన్స్ నిలదొక్కుకొన్నారని చెప్పేటప్పుడు ఈ మాట మరువరాదు. సామాన్య గృహస్థుకు కాసెల్ ఉండడు, రాయల్టీ ఉండదు. ఉన్నది రెండెకరాల చేను, ఇల్లాలి మెడలోని బంగారం. మన దేశపు సెబీ సంస్థ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో ఫ్యూచర్లు, ఆప్షన్లలో తలదూర్చిన కోటిమందికి పైగా వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి తలకు సగటున సుమారు రెండు లక్షల రూపాయల చొప్పున. ఆ కోటిమందిలో కీన్స్ తెలివి ఉన్నవారు కొందరైనా ఉండే ఉంటారు.

కొత్త అప్పుతో కీన్స్ మళ్ళీ అదే పందెం కట్టారు. ఈసారి కలిసి వచ్చింది. అదే సమయంలో పత్రికలకు విరివిగా వ్రాసి కూడా ధనం సంపాదించి, 1922 చివరకు మిత్రుల బాకీలన్నీ తీర్చివేసి, సొంతానికి సుమారు 21 వేల పౌండ్లు నిలుపుకొన్నారు. 1924 నాటికి అది 57 వేలు దాటింది. నాణెముల నుంచి సరకుల వైపు మళ్ళి పత్తి, తగరం, సీసం, రాగి, రబ్బరు, జనపనార, గోధుమ, చక్కెర వంటి వాటిపై వాయిదా వ్యాపారం నడిపారు. పంట ఎంత వచ్చింది, గోదాములలో ఎంత నిలువ ఉంది అని లెక్కలు సేకరించి, ప్రధాన సరకుల నిలువల మీద ఒక ఆర్థిక పత్రికా సంస్థకు సవివరమైన నివేదికలు కూడా వ్రాశారు. ఆదోని, రాయచూరు మండీలలో పత్తి ధర పొద్దున ఎందుకు పెరిగిందో, సాయంత్రానికి ఎందుకు పడిందో అర్థంకాక నిలబడే రైతుకు, ఆ ధర వెనుక లివర్‌పూల్, న్యూయార్కులలో కాగితాల మీద ఆడేవారి చేయి కూడా ఉండేదని తెలిసే అవకాశం ఆనాడు లేదు.

ఈ నడుమ ఆయన గృహస్థు కూడా అయ్యారు. 1925 ఆగస్టు 4న రష్యా నర్తకి లిడియా లోపకోవాను రిజిస్ట్రారు కార్యాలయంలో వివాహమాడారు. పండిత మిత్రులు కొందరు ఆమెను చిన్నచూపు చూసినా ఆ దాంపత్యం కడదాకా చల్లగా సాగింది. అదే ఏట ససెక్స్‌లోని టిల్టన్ అనే పల్లెటూరి ఇంటిని కౌలుకు తీసుకొన్నారు. వారంలో కొన్ని రోజులు కేంబ్రిడ్జిలో, కొన్ని రోజులు లండన్‌లో, సెలవులలో టిల్టన్‌లో కాలక్షేపం. ఎక్కడ ఉన్నా ఉదయపు కాగితాలూ టెలిఫోనూ మాత్రం వెంట ఉండవలసిందే.

కింగ్స్ కళాశాల వారు 1919లోనే ఆయనను కోశ వ్యవహారాలలోకి తీసుకొని, 1924లో ప్రధాన కోశాధికారిని చేశారు. ఆనాటి కళాశాలల ధనమంతా పొలాలలోనూ ప్రభుత్వ బాండ్లలోనూ ఉండేది. కంపెనీ షేర్లు కొనడం పెద్దమనుషుల పని కాదన్న భావన. కీన్స్ పొలాలలో కొంత భాగం అమ్మించి, 1920లో ముప్పై వేల పౌండ్లతో చెస్ట్ అనే ప్రత్యేక నిధి నెలకొల్పి, దానిని తన ఇష్టప్రకారం షేర్లలోనూ సరకులలోనూ పెట్టే అధికారం సంపాదించారు. సొంత సొమ్ము వేరు, విద్యాసంస్థ సొమ్ము వేరు. అంతటి విశ్వాసం ఒక్క మనిషి మీద ఉంచిన కళాశాల పెద్దల ధైర్యం నేటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది.

కళాశాలలో చెప్పుకొనే ఒక కథ ఉన్నది. 1936 ప్రాంతంలో ఆయన గోధుమల వాయిదా ఒప్పందాలు కొని గడువులోగా అమ్ముకోలేకపోగా, అర్జెంటీనా నుంచి ఓడలకొద్దీ గోధుమ నిజంగానే వచ్చి పడే పరిస్థితి ఏర్పడిందట. ఎక్కడ దింపాలి? కళాశాలలోని జగత్ప్రసిద్ధమైన ప్రార్థనామందిరంలో ఎంత పడుతుందో కొలిపించారట. సగం కూడా పట్టదని తేలింది. చివరకు ఆ గోధుమల శుభ్రత చాలదని అభ్యంతరం లేవదీసి, వాటిని జల్లించి బాగుచేయించే నెపంతో కొన్ని వారాలు గడిపేసరికి ధర కోలుకొని గండం గడిచిందట. ఇందులో ఎంత నిజమో, ఎంత విద్యార్థుల కల్పనో గాని, వాయిదా వ్యాపారమంటే వట్టి అంకెలు కాదనీ, ఆ అంకెల వెనుక ఎక్కడో గింజలున్నాయనీ ఇంతకంటె బాగా చెప్పే కథ లేదు.

రెండవ పతనం 1928లో ఆరంభమయింది. బ్రిటిష్ వారు మలయాలోనూ సింహళంలోనూ రబ్బరు ఉత్పత్తికి పరిమితి విధించి ధరను నిలబెట్టిన పథకాన్ని ఆ సంవత్సరం రద్దు చేస్తున్నట్లు ప్రకటించగా రబ్బరు ధర కుప్పకూలింది. కీన్స్ చేతిలో రబ్బరు ఒప్పందాలు నిండుగా ఉన్నాయి. గోధుమ, పత్తి, తగరం కూడా ఒకదాని వెంట ఒకటి దిగజారాయి. బయానా కొరత తీర్చడానికి మంచి షేర్లను పడిపోతున్న బజారులోనే అమ్మవలసి వచ్చింది. ఆస్టిన్ మోటారు కంపెనీలో ఆయన పెద్దయెత్తున ఉంచుకొన్న షేర్లు కూడా పాతాళానికి చేరాయి. 1929 అక్టోబరులో న్యూయార్కు బజారు కూలేనాటికే ఆయన సగం చితికిపోయి ఉన్నారు. 1927 చివర 44 వేల పౌండ్లుగా ఉన్న ఆస్తి 1929 చివరకు 7,815 పౌండ్లకు దిగింది. ఇష్టపడి సేకరించుకొన్న చిత్రాలలో కొన్నిటిని అమ్మజూపినా తగిన ధరకు కొనేవారు దొరకలేదు.

ఇక్కడ ఒక విషయం నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. ప్రపంచ ఆర్థికవ్యవస్థ ఎత్తుపల్లాలను ముందుగా పసిగట్టి, పెరిగే ముందు కొని, పడే ముందు అమ్మవచ్చునన్నది అప్పటివరకు ఆయన సిద్ధాంతం. ఆయనకంటె ఆ విద్య తెలిసినవారు ఆనాడు ఐరోపాలో లేరు. ప్రభుత్వాల రహస్యాలు కూడా సగం ఆయనకు తెలుసు. అట్టి మనిషి రాబోయే మహా మాంద్యాన్ని కనిపెట్టలేకపోయారు. ఇటీవల కేంబ్రిడ్జి విద్వాంసులు డేవిడ్ ఛాంబర్స్, ఎల్రాయ్ డిమ్సన్ కళాశాల పాత లెక్కలన్నీ తిరగేసి, మొదటి దశాబ్దంలో ఆయన నడిపిన నిధి సాధారణ బజారు కంటె వెనుకబడి ఉన్నదనీ, 1929 పతనాన్ని ఆయన ఊహించలేదనీ నిరూపించారు. మహాపండితుడి రోజువారీ కొనుగోళ్ళూ అమ్మకాలూ, ఏమీ తెలియకుండా కొని ఊరుకొన్నవాడి ఫలితం కంటె తీసికట్టయ్యాయన్నమాట.

దెబ్బ తిన్నాక ఆయన మారారు. బజారును ఊహించే పని క్రమంగా మానుకొన్నారు. తనకు బాగా తెలిసిన, యాజమాన్యం మీద నమ్మకం గల, అసలు విలువ కంటె చవకగా దొరికే కొన్ని కంపెనీలనే ఎంచుకొని, వాటిని ఏళ్ళ తరబడి వదలకుండా పట్టుకోవడం మొదలుపెట్టారు. పతనమైన అదే ఆస్టిన్ మోటారు షేర్లను ఇంకా కొన్నారు. దక్షిణాఫ్రికా బంగారు గనుల కంపెనీలను, మాంద్యంలో ఎవరూ ముట్టని అమెరికా విద్యుత్ కంపెనీల షేర్లను కొన్నారు. పది చోట్ల కొద్దికొద్దిగా చల్లడం కంటె తెలిసిన నాలుగు చోట్ల గట్టిగా నాటడం మేలని ఆయన అభిప్రాయం. 1936 చివరకు ఆయన ఆస్తి 5 లక్షల పౌండ్లు దాటింది. 7,815 పౌండ్ల నుంచి ఏడేళ్ళలో!

అదే 1936లో వెలువడిన ఆయన మహాగ్రంథంలో షేరు బజారు మీద ఒక అధ్యాయం ఉన్నది. దెబ్బలు తిన్నవాడి అనుభవం దాని ప్రతి పుటలోనూ కనిపిస్తుంది. ఆ రోజులలో పత్రికలు అందాల పోటీ నడిపేవి. ముద్రించిన వంద ముఖాలలో ఎక్కువమంది పాఠకులు మెచ్చేవాటిని ఎంచినవారికి బహుమతి. అటువంటప్పుడు తెలివైనవాడు తన కంటికి అందమైన ముఖాన్ని ఎంచడు, ఇతరులు దేనిని ఎంచుతారో ఊహిస్తాడు. ఇంకా తెలివైనవాడు, ఇతరులు ఇతరుల గురించి ఏమి ఊహిస్తారో ఊహిస్తాడు. షేరు బజారు కూడా ఇంతేనని కీన్స్ వాదన. జూదశాలలు ప్రజాహితం కోసం ఖర్చుతో కూడినవిగా, చేరరానివిగా ఉండాలన్నది అందరూ ఒప్పుకొనే మాటే గనుక షేరు బజారుకూ అదే న్యాయం వర్తించాలనీ, ప్రతి లావాదేవీ మీద గట్టి పన్ను వేస్తే సట్టా కొంత తగ్గుతుందనీ ఆయన సూచించారు. మన దేశంలో 2004 నుంచి షేర్ల లావాదేవీల మీద అటువంటి పన్ను అమలులో ఉన్నది. దానివల్ల సట్టా తగ్గిందని చెప్పడం మాత్రం కష్టం.

బోధించినంత నిష్ఠగా ఆయన ఆచరించారా అంటే లేదు. అప్పు తెచ్చి షేర్లు కొనే అలవాటు పోలేదు. 1937లో అమెరికా, బ్రిటన్ బజారులు రెండూ మళ్ళీ పడ్డాయి. సరిగ్గా ఆ మే నెలలోనే ఆయనకు గుండెజబ్బు ముదిరి పడిపోయారు. వేల్స్‌లోని రూథిన్ ఆరోగ్యశాలలో నెలల తరబడి మంచం మీద ఉండవలసి వచ్చింది. ఒకప్పుడు విలాసంగా కూర్చున్న మంచమే ఇప్పుడు నిర్బంధమయింది. వైద్యులు విశ్రాంతి తీసుకొమ్మంటే ఆయన ధ్యాస షేర్ల ధరల మీదనే. బ్రోకర్ల అప్పు తగ్గించడానికి షేర్లు అమ్ముతూ, 1938 చివరకు ఆస్తి 2 లక్షల లోపుకు వచ్చేదాకా చూడవలసి వచ్చింది. దాదాపు మూడింట రెండు వంతులు హరించుకుపోయాయి. తాను 1921 నుంచి అధ్యక్షుడుగా ఉన్న నేషనల్ మ్యూచువల్ బీమా కంపెనీలో తోటి డైరెక్టర్లు నష్టాల గురించి నిలదీయగా, 1938లో ఆ పదవికి రాజీనామా ఇచ్చారు. పడిపోతున్న బజారులో భయపడి అమ్మడం కోశాధికారి ధర్మం కాదనీ, చేతిలో షేర్లతో పట్టుబడినందుకు సిగ్గుపడనక్కరలేదనీ ఆయన వాదించారు. నిష్ఠగల మదుపరికి అది మంచి మాటే. ఆయన సొంత ఖాతాలో మాత్రం అప్పు ఉండటంచేత కొంత అమ్మక తప్పలేదు. అప్పుతో కొన్నవాడికి ఓర్పు అనేది తన చేతిలో ఉండదు. 1920లో నేర్వవలసిన ఈ పాఠాన్ని యాభైనాలుగేళ్ళ వయసులో మరల చదవవలసి వచ్చింది.

రెండవ ప్రపంచ యుద్ధం రాగా ఖజానా శాఖ ఆయనను మళ్ళీ పిలిచింది. జీతం లేకుండా పనిచేశారు. ఎవరికీ తలవంచనవసరం లేని సంపద కావాలని 1919లో ఆయన కోరుకొన్నది ఇందుకే కాబోలు. 1944లో అమెరికాలోని బ్రెటన్ వుడ్స్‌లో జరిగిన మహాసభలో అంతర్జాతీయ ద్రవ్యనిధి, ప్రపంచ బ్యాంకు రూపుదిద్దుకొన్నప్పుడు బ్రిటిష్ బృందానికి నాయకుడు ఆయనే. అక్కడ భారత ప్రతినిధులుగా వచ్చిన చింతామణి దేశ్‌ముఖ్, షణ్ముఖం చెట్టి, ఎ.డి. ష్రాఫ్ ప్రభృతులు ఒక పాత లెక్క ముందుకు తెచ్చారు. యుద్ధకాలంలో భారతదేశం సరఫరా చేసిన సరుకులకూ సైన్యపు ఖర్చులకూ బ్రిటన్ చెల్లించవలసిన మొత్తం లండన్‌లో పేరుకుపోయింది. యుద్ధం ముగిసేనాటికి అది సుమారు 130 కోట్ల పౌండ్లు. 1943లో బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో మరణించిన కాలంలో పేరుకొన్న బాకీ అది. ఆ సంగతి ఉభయ దేశాలు తమలో తాము తేల్చుకోవలసినదని కీన్స్ సభలో దాటవేశారు. దానిలో కొంత భాగం భారతదేశం వదులుకోవాలన్న ఆలోచన బ్రిటిష్ పక్షాన ఉండేది, ఆయనకూ ఉండేది. చట్టం అడగకపోయినా డంకన్ గ్రాంట్‌కూ వెనెస్సా బెల్‌కూ బాకీ తీర్చిన మనిషి, తన దేశం పేదదేశానికి పడిన బాకీ దగ్గర వేరే లెక్క వేశారు. ఆయన మీద గౌరవమున్న భారతీయులు సైతం ఈ విషయం మరువలేరు.

యుద్ధం ముగిశాక బ్రిటన్‌కు అప్పు కోసం అమెరికా చుట్టూ తిరిగి అలసిపోయిన కీన్స్ 1946 ఏప్రిల్ 21న, ఈస్టర్ ఆదివారం ఉదయం, టిల్టన్ ఇంట కన్నుమూశారు. వయసు 62. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో జరిగిన సంస్మరణ ప్రార్థనకు తొంభై మూడేళ్ళ తండ్రి, వృద్ధురాలైన తల్లి వచ్చి కూర్చున్నారు. అప్పటికి ఆయన ఆస్తి మళ్ళీ పెరిగి సుమారు 4 లక్షల 80 వేల పౌండ్లు ఉన్నది. అందులో 80 వేల పౌండ్ల మేరకు చిత్రాలు, పుస్తకాలు. ఏటేటా వచ్చే రాబడిని ఖర్చు పెడుతూ వచ్చినా, ముప్పై వేలతో ఆరంభించిన కళాశాల నిధి సుమారు 3 లక్షల 80 వేలకు చేరింది. ఆ వృద్ధిలో అధికభాగం, ఆయన రోజువారీ ఊహాగానం తగ్గించి షేర్లను పట్టుకొని కూర్చున్న తరువాతి ఏళ్ళలోనే వచ్చినది.

బజారులో సంపాదించిన ధనాన్ని ఆయన దాచుకోలేదు. కేంబ్రిడ్జిలో 1936లో తెరచిన ఆర్ట్స్ థియేటరును తన సొమ్ముతో కట్టించారు. అదే సంవత్సరం న్యూటన్ మహాశయుని వ్రాతప్రతులు వేలానికి వచ్చి చెల్లాచెదరు అవుతుండగా చేతనైనన్ని కొని కూడబెట్టారు. 1918లో యుద్ధం మధ్య పారిస్ వేలంలో కొన్న సెజాన్ చిత్రం ఒకటి ఉండేది. ఆ రాత్రి మోటారు కారు ఇంటి దారి మొదట దింపి వెళ్ళగా, సామాను మోయలేక ఆ చిత్రాన్ని పెట్టెతో సహా రోడ్డు పక్క పొదలో వదలి లోపలికి నడిచారట. మిత్రులు పరుగెత్తి వెళ్ళి తెచ్చారు. ఆ చిత్రాలూ ఆ వ్రాతప్రతులూ ఆయన కోరిక మేరకు కింగ్స్ కళాశాలకు చెందాయి. తన చితాభస్మాన్ని కూడా కళాశాల ప్రార్థనామందిరంలోనే ఉంచమని వీలునామాలో వ్రాశారు. ఆ మాట మరచిన తమ్ముడు జెఫ్రీ దానిని టిల్టన్ ఇంటి వెనుక కొండలపై వెదజల్లారు.